20 వేల వోల్టులు వదిలేసింది, 230 వోల్టులు వదలదు

 

పోయిన సంచికలో నేను పొడుపు కథలు రాశాను. ఈసారి ఒక తప్పు దిద్దుకోవడానికి రాస్తున్నాను. ఆ తప్పు చేసింది నేనే. అందుకని వ్యాసం కొంచెం పెద్దదయింది, నాలుగు షీట్లు పట్టింది. భోజనం గంట కొట్టేలోపు అవ్వకపోతే మళ్లీ వచ్చి చదవండి. సగంలో మాత్రం వదిలెయ్యకండి. సగమే చదివితే నేను చేసిన తప్పే మీరూ చేస్తారు.

జరిగింది ఏంటంటే

సంక్రాంతి సెలవుల్లో మా మావయ్య బండి మీద రంపచోడవరం వెళ్లి సామాన్లు కొనుక్కుని ఇంటికి వస్తున్నాం. మారేడుమిల్లి దాటాక ఘాటీ రోడ్డులో బండి ఆగిపోయింది. అది పాత టూ స్ట్రోక్ బండి. అందులో పెట్రోలుతో పాటు నూనె కూడా కాలుతుంది కాబట్టి ప్లగ్గుకి తొందరగా మసి పడుతుంది. మావయ్య ప్లగ్గు పానా తీసి ప్లగ్గు విప్పాడు. దాని మూతి నల్లగా, జిడ్డుగా ఉంది. గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దాడు. తర్వాత ప్లగ్గుని వైరు చివర ఉన్న క్యాపుకి తగిలించి నా చేతికిచ్చాడు.

"ఇంజనుకి ఆనించి పట్టుకో అమ్మాయ్, నేను కిక్కు కొడతా. నిప్పు వస్తుందో లేదో చూడు" అన్నాడు.

నేను ప్లగ్గు ఇనప భాగం పట్టుకున్నాను. రెండో చెయ్యి హ్యాండిల్ మీద ఉంది. ప్లగ్గు ఇంజనుకి సరిగా ఆనలేదని నాకు తెలీదు. మావయ్య కిక్కు కొట్టాడు. టప్ మంది. నా చేతిని భుజం దాకా ఎవరో దుడ్డుకర్రతో కొట్టినట్టయింది. ప్లగ్గు ఎటో పడింది. నేను వెనక్కి పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చింది. లేచి వెనక్కి చూస్తే నేను పడిన చోటుకి బారెడు దూరంలో లోయ ఉంది.

మావయ్య భయపడ్డాడు కానీ, "ఏం కాదులే, మాకు ఎన్నిసార్లు కొట్టిందో" అన్నాడు. నిజంగానే ఏం కాలేదు. పది నిమిషాలకి చెయ్యి తిమ్మిరి పోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. హాస్టల్‌కి వచ్చాక నేను గొప్పలు చెప్పుకున్నాను. "నాకు 20 వేల వోల్టుల షాకు కొట్టింది, అయినా ఏం కాలేదు" అని అందరికీ చెప్పాను. చెల్లెళ్లు నా చుట్టూ కూర్చుని నోరు తెరుచుకుని విన్నారు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే స్నానాల దగ్గర నీళ్లు అయిపోయాయి. ఆరో తరగతి చెల్లి ఒకతి తడి గౌనుతో, తడి కాళ్లతో వెళ్లి మోటారు స్విచ్చు వెయ్యబోయింది. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకుని లాగేశాను. "తడి చేత్తో ముట్టుకోకూడదని తెలీదా?" అని కసిరాను.

ఆ చెల్లి నా మొహంలోకి చూసి, "ఇది 230 వోల్టులే కదక్కా. నువ్వు 20 వేలకే బతికావు కదా" అంది.

నాకు నోట మాట రాలేదు. దాని లెక్క తప్పని నాకు తెలుసు. ఎందుకు తప్పో మాత్రం నాకు తెలీదు. ఆ రోజు సాయంత్రం సైన్సు టీచరు గారిని అడిగాను. తర్వాత ఆదివారం మావయ్య చూడడానికి వస్తే, ఆయన్ని తీసుకుని మెకానిక్ అన్న దగ్గరికి కూడా వెళ్లి అడిగాను. ఇద్దరూ చెప్పింది, లైబ్రరీ పుస్తకాల్లో చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

12 వోల్టులు 20 వేలు ఎలా అవుతాయి?

పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఒక గదిలోకి వస్తాయి. దాన్ని సిలిండరు అంటారు. పిస్టను వాటిని గట్టిగా నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి నిప్పు పడాలి. ఆ నిప్పు పెట్టేదే స్పార్కు ప్లగ్గు. ప్లగ్గు మూతి దగ్గర రెండు ఇనప మొనల మధ్య సన్నని సందు ఉంటుంది, మిల్లీమీటరు కన్నా కొంచెం తక్కువ. కరెంటు ఆ సందు దూకితే నిప్పురవ్వ పుడుతుంది.

గాలి కరెంటుని ఊరికే దూకనివ్వదు. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు దూకాలంటే సుమారు 3 వేల వోల్టులు కావాలి. ఇంజను లోపల గాలి నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఇంకా చాలా ఎక్కువ కావాలి. బండి బ్యాటరీకి చూస్తే 12 వోల్టులే ఉంటాయి. అందుకే మధ్యలో ఇగ్నిషన్ కాయిలు అని ఒకటి పెడతారు.

కాయిలు లోపల ఇనప ముక్క మీద రెండు రకాల రాగి తీగ చుట్టి ఉంటుంది. ఒకటి లావు తీగ, కొన్ని వందల చుట్లు. రెండోది వెంట్రుక లాంటి సన్న తీగ, సుమారు 20 వేల చుట్లు. లావు తీగలో బ్యాటరీ కరెంటు పారుతుంటే ఇనప ముక్క అయస్కాంతం అవుతుంది. ఆ కరెంటుని ఒక్కసారిగా ఆపేస్తే అయస్కాంతం కూడా ఒక్కసారిగా పడిపోతుంది. అలా పడిపోయేటప్పుడు రెండు తీగల్లోనూ కొత్తగా వోల్టేజి పుడుతుంది. లావు తీగలో 300 వోల్టుల దాకా లేస్తుంది. సన్న తీగకి చుట్లు ఎన్ని రెట్లు ఎక్కువ ఉంటే వోల్టేజి సుమారుగా అన్ని రెట్లు లేస్తుంది. అలా 20 వేలు, ఇంకా పైకి కూడా వెళ్తుంది.

ఇది అర్థం కావాలంటే మన కుళాయి దగ్గరికి వెళ్లండి. నీళ్లు ధారగా వస్తున్నప్పుడు కుళాయి ఒక్కసారి టక్కున కట్టేస్తే గొట్టం దబ్ మని అదురుతుంది. మెల్లగా కడితే అదరదు. పారేదాన్ని హఠాత్తుగా ఆపితే దెబ్బ పుడుతుంది. కాయిలులో జరిగేది కూడా అలాంటిదే. కరెంటు పారేటప్పుడు కాదు, తెగేటప్పుడు దెబ్బ పుడుతుంది.

పాత బండ్లలో ఆ కరెంటుని తెంచే పని పాయింట్లు చేసేవి. ఇప్పటి బండ్లలో ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తుంది. మా మావయ్య బండిలాంటి వాటికి స్పార్కు కోసం బ్యాటరీ కూడా అక్కర్లేదు. చక్రంలో అయస్కాంతాలు ఉంటాయి, అవి తిరుగుతుంటే కరెంటు దానంతటదే పుడుతుంది. దాన్ని మాగ్నెటో అంటారు. కోనసీమ వైపు వరి చేలల్లో వీపుకి తగిలించుకుని మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. అందుకే "బ్యాటరీ లేదు కదా, షాకు ఎలా కొడుతుంది?" అనుకోకూడదు. కిక్కు కొట్టినా, తాడు లాగినా చాలు.

అయస్కాంతంతో కరెంటు పుట్టించొచ్చని 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆయన కమ్మరి కొడుకు. పెద్ద చదువులు చదవలేదు. పుస్తకాల బైండింగు పనిలో చేరి, బైండు చేసే పుస్తకాలే చదువుకుని శాస్త్రవేత్త అయ్యాడు. మన ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరు కూడా ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. అది 11 వేల వోల్టులని మన ఇళ్లకి 230కి దించుతుంది. బండి కాయిలు కిందనుంచి పైకి ఎత్తుతుంది.

మరి 20 వేలు నన్ను ఎందుకు వదిలేసింది?

ఇదే చెల్లి అడిగిన ప్రశ్న. వోల్టులు ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. వోల్టు అంటే ఎంత ఎత్తు నుంచి పడుతోంది అని. కరెంటు అంటే ఎంత నీరు వస్తోంది అని. ఎంతసేపు వస్తోంది అన్నది మూడో సంగతి. మూడూ కలిపి చూడాలి.

తాటిచెట్టు మీద నుంచి ఒక్క వాన చుక్క నెత్తి మీద పడితే ఉలిక్కిపడతాం, చచ్చిపోం. అదే వానాకాలంలో వాగు మోకాలి లోతు ఉన్నా మనిషిని ఈడ్చుకుపోతుంది. వాగుకి ఎత్తు లేదు, నీరు ఉంది, ఆగకుండా వస్తుంది. ప్లగ్గు షాకు తాటిచెట్టు మీద చుక్క. ఇంటి కరెంటు వాగు.

లెక్కలో చెప్తాను. టీచరు గారు బోర్డు మీద వేసి చూపించారు.

పాయింట్ల బండిలో ఒక్కో స్పార్కులో ఉండే శక్తి సుమారు 40 మిల్లీ జౌళ్లు. అది ఒకటి రెండు మిల్లీ సెకన్లలో అయిపోతుంది. 4 గ్రాముల గులకరాయిని మీటరు ఎత్తు నుంచి వదిలితే ఎంత శక్తో అంతే.

ఇప్పుడు ఇంటి కరెంటు. తడిసిన ఒంటికి అడ్డు సుమారు 1000 ఓములు అనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. 230 వోల్టులని 0.23తో గుణిస్తే సెకనుకి సుమారు 53 జౌళ్లు. అంటే 5 కిలోల బియ్యం మూటని మీటరు ఎత్తు నుంచి సెకనుకి ఒకసారి చొప్పున మీద పడేస్తున్నట్టు. స్పార్కుతో పోలిస్తే వెయ్యి రెట్లకి పైన. అదీ ఒక్కసారితో అయిపోదు, ప్రతి సెకనూ వస్తూనే ఉంటుంది.

ఇంకో ఘోరం ఉంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి. వదలాలన్నా చెయ్యి వదలదు. "కరెంటు పట్టేసింది" అని పెద్దవాళ్లు అనేది దీన్నే. 30 దాటితే ఊపిరి కష్టమవుతుంది. ఇంకా పెరిగితే గుండె కొట్టుకునే లయ తప్పి వణికిపోతుంది. మన గుండె కూడా ఒంట్లో పుట్టే చిన్న కరెంటుతోనే కొట్టుకుంటుంది. బయటి కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊపితే అది ఏ మాట వినాలి?

"ఫ్యూజు ఉంది కదా" అంటారేమో. 5 ఆంపియర్ల ఫ్యూజు 5 దాటితేనే ఎగురుతుంది. మనిషి ప్రాణం పోవడానికి అందులో ఇరవయ్యో వంతు కూడా అక్కర్లేదు. ఫ్యూజు వైరుని కాపాడడానికి పెట్టింది, మనల్ని కాపాడడానికి కాదు.

కాబట్టి చెల్లీ, 20 వేలు పెద్దది, 230 చిన్నది అన్న నా గొప్ప తప్పు. ఒప్పుకుంటున్నాను.

అయితే ప్లగ్గు షాకు ఏం చెయ్యదా?

ఇలా అనుకుంటే రెండో తప్పు. ప్లగ్గు షాకు తనంతట తాను చంపడం అరుదే గానీ, ఇంకో దాని చేత చంపిస్తుంది.

మొదటిది ఉలికిపాటు. నేను వెనక్కి పడ్డాను కదా, లోయ బారెడు దూరంలో ఉంది. అదే జీపు బానెట్టు కింద అయితే, ఉలిక్కిపడి వెనక్కి లాగిన చెయ్యి తిరిగే ఫ్యానులోకో బెల్టులోకో పోతుంది. కాలే సైలెన్సరు మీద పడుతుంది. షాకు గాయం కనపడదు, ఆ గాయం జన్మంతా కనపడుతుంది.

రెండోది పెట్రోలు. పెట్రోలు ఆవిరి గాలిలో కలిసి ఉంటే అంటుకోవడానికి సుమారు పావు మిల్లీ జౌలు చాలు. ప్లగ్గు స్పార్కులో అంతకి వంద రెట్లకి పైన ఉంది. ప్లగ్గు విప్పిన కన్నంలోంచి కిక్కు కొట్టినప్పుడల్లా పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది. ఆ కన్నం పక్కనే ప్లగ్గు పెట్టి నిప్పు చూస్తే మంట లేస్తుంది. పైన ట్యాంకు ఉంది, చేతిలో పెట్రోలు తుడిచిన గుడ్డ ఉంది. మేము ఆ రోజు సరిగ్గా అలాగే చేశాం.

మూడోది గుండె. గుండె జబ్బు ఉన్నవాళ్లకి, గుండెలో పేస్‌మేకర్ మిషను పెట్టించుకున్నవాళ్లకి ఈ షాకు కూడా ప్రమాదమే. నాకు ఒక చేతిలో ప్లగ్గు, రెండో చెయ్యి హ్యాండిల్ మీద. అంటే కరెంటు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి ఛాతీ మీదుగా వెళ్లింది. ఇది ప్రమాదకరమైన దారి అని టీచరు గారు చెప్పారు.

నాలుగోది ఇప్పటి బండ్లు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో వోల్టేజి 30 వేలు, 40 వేల దాకా కూడా వెళ్తుంది. సి.డి.ఐ. అనే రకంలో కండెన్సరు లోపల 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. మావయ్యకి పాత బండితో "ఎన్నిసార్లు కొట్టిందో" అన్న ధైర్యం కొత్త బండికి పనికిరాదు.

మరి ప్లగ్గు ఎలా చూడాలి?

మెకానిక్ అన్న చూపించిన పద్ధతి ఇది. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నలకి, అన్నలకి చెప్పండి. మనం చిన్నవాళ్లం, చెయ్యి పెట్టాల్సిన పని కాదు. పక్కన నిలబడి చెప్పడానికి మాత్రం మనకి హక్కు ఉంది.

1. ముందు ఇంజను ఆపి తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. తాళం బండికే ఉంటే పక్కనున్నవాళ్లు తెలీక తిప్పుతారు. ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పాలి.

2. క్యాపు తీసేటప్పుడు వైరు పట్టి లాగకూడదు. రబ్బరు క్యాపుని పట్టుకుని కొంచెం తిప్పి తియ్యాలి. వైరు పట్టి లాగితే లోపల తెగుతుంది, పైన రబ్బరు చీలుతుంది. చీలిన చోట నుంచే తర్వాత షాకు కొడుతుంది.

3. నిప్పు చూడడం కన్నా మంచి దారి కొత్త ప్లగ్గు వేసి చూడడం. దూరం వెళ్లే బండిలో ఒక ప్లగ్గు దాచుకోవాలి. ఇంకో సంగతి, బయట నిప్పు వచ్చిన ప్లగ్గు లోపల రాకపోవచ్చు కూడా, ఎందుకంటే లోపల గాలి నొక్కుకుని ఉంటుంది, దూకడం కష్టం.

4. తప్పక నిప్పు చూడాల్సి వస్తే ప్లగ్గుని ఎవరూ చేత్తో పట్టుకోకూడదు. ప్లగ్గు మరలు ఉన్న ఇనప భాగం ఇంజను ఇనుముకి గట్టిగా ఆనేలా నిలబెట్టాలి. రంగు వేసిన చోట కాదు, ఉత్త ఇనుము కనపడే చోట. కరెంటుకి ఇంజను ఒళ్లే తిరుగుదారి. ఆ దారి ఇస్తే అది మన దారి వెతుక్కోదు. నేను పట్టుకున్నప్పుడు ప్లగ్గు ఇంజనుకి ఆనలేదు, అందుకే నన్ను దారి చేసుకుంది.

5. ప్లగ్గు కన్నానికి దూరంగా పెట్టాలి. పెట్రోలు ట్యాపు కట్టెయ్యాలి. తుడిచిన గుడ్డ దూరంగా పడెయ్యాలి. బీడీ, చుట్ట కాల్చేవాళ్లని దూరం జరగమనాలి, వాళ్లు తాతలైనా సరే.

6. వైరుని ఊరికే గాలిలో వేలాడదీసి కిక్కు కొట్టకూడదు. దూకడానికి దారి దొరక్క వోల్టేజి ఇంకా పైకి లేస్తుంది. కాయిలునైనా కాలుస్తుంది, దగ్గరున్న మనిషి మీదకైనా దూకుతుంది.

7. గుడ్డ చుట్టి పట్టుకుంటే చాలు అనుకోకండి. చెమట, పెట్రోలు, వాన తడి పట్టిన గుడ్డ కాపాడదు. స్క్రూడ్రైవరు లాంటి కరెంటు టెస్టరు చూడండి, దాని మీద 500 వోల్టులు అని రాసి ఉంటుంది. అది ఇంటి కరెంటుకి చేసింది, 20 వేలకి కాదు.

8. ఇంజను నడుస్తుండగా వైర్లు సర్దకూడదు. ముఖ్యంగా ఆడపిల్లలకి: జడ ముడి వేసుకోవాలి, ఓణీ, చున్నీ తీసి పక్కన పెట్టాలి. ఫ్యానుకి చున్నీ అందితే ఎవరి అరుపూ వినదు.

బ్యాటరీ సంగతి వేరు

12 వోల్టుల బ్యాటరీ ముట్టుకుంటే షాకు కొట్టదు. కానీ దాంట్లో నీరు చాలా ఉంది. జీపు బ్యాటరీ రెండు బుడిపెల మధ్య పానా పడితే వందల ఆంపియర్లు పారతాయి. పానా ఎర్రగా కాలుతుంది. వేలికి ఉంగరం, చేతికి లోహపు గాజు, మెడలో గొలుసు ఉండి అది తగిలితే ఉంగరం చోట మాంసం కాలిపోతుంది. అందుకే అవి తీసేసి పని చెయ్యాలి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు చివర మైనస్ వైరు. ఛార్జింగు అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. లోపలిది గంధకికామ్లం. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్తగా ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. వాటిలో ప్లగ్గూ లేదు, కాయిలూ లేదు. అయితే బ్యాటరీయే 300, 400 వోల్టులు ఉంటుంది. అది చుక్క కాదు, నిండు వాగు. ఆ వైర్లకి ఆరెంజ్ రంగు వేస్తారు. చదువు రాని వాళ్లకి కూడా తెలియాలని రంగు పెట్టారు. ఇంజను దగ్గర పసుపు కాగితం మీద మెరుపు బొమ్మ కూడా అందుకే. మా మావయ్యకి అక్షరాలు రావు, మెరుపు గుర్తు మాత్రం ఇప్పుడు తెలుసు. ఆరెంజ్ వైరు కనపడితే చెయ్యి వెనక్కి. నేర్చుకున్న మెకానిక్‌కే వదిలెయ్యాలి.

మన ఊళ్ల సంగతి ఒకటి

మన ఊళ్లలో అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ తీగ కట్టి స్తంభం నుంచి నేరుగా కరెంటు ఇస్తారు. చీకట్లో పశువులు, మనుషులు దానికి తగిలి చచ్చిపోతున్నారు. అది నేరం కూడా. "సోలారు కంచెకి వేల వోల్టులు ఉన్నా చావరు కదా, దీనికి 230యే కదా" అని కొందరు అంటారు. ఇది మన చెల్లి అడిగిన ప్రశ్నే!

జవాబు కూడా అదే. సరైన సోలారు కంచె మిషను బండి కాయిలు లాంటిది. సెకనుకి ఒకసారి, అదీ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు దెబ్బ కొట్టి ఆగుతుంది. తగిలిన పశువు బెదిరి వెనక్కి పోవడానికి సమయం ఇస్తుంది. స్తంభం నుంచి లాగిన తీగ ఆగదు, వదలదు. ఇంట్లో ఎవరైనా అలాంటి తీగ కట్టాలని అంటే ఈ లెక్క చెప్పండి.

షాకు కొడితే

ఇంటి కరెంటు పట్టేస్తే మనిషిని చేత్తో ముట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి. వీలు కాకపోతే పొడి నేల మీద నిలబడి, బాగా ఎండిన కర్రతో తీగని పక్కకి నెట్టాలి. 11 వేల వోల్టుల లైను తెగి పడితే మాత్రం కర్రతో కూడా దగ్గరికి పోకూడదు. కనీసం 10 మీటర్లు దూరం ఉండి, 1912కి ఫోన్ చేయించి లైను ఆపించాలి. మనిషి పడిపోతే 108. ప్లగ్గు షాకు తర్వాత కూడా కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, గుండె దడ తగ్గకపోయినా "ఏం కాదులే" అనకుండా ఆసుపత్రిలో చూపించాలి.

చివరి మాట

వార్డెన్ మేడమ్ గారికి మా అందరి తరఫున ఒక మనవి. 30 మిల్లీ ఆంపియర్లు లీకయినా వెంటనే కరెంటు ఆపేసే స్విచ్చు ఉంటుందని టీచరు గారు చెప్పారు. దాన్ని ఆర్.సి.సి.బి. అంటారు. అది మనుషుల్ని కాపాడడానికే చేసింది. మన మోటారుకి, స్నానాల గదులకి అది పెట్టించగలరా? మోటారు స్విచ్చుకి తడి తగలకుండా మూత కూడా కావాలి. అప్పటిదాకా తొమ్మిదో తరగతి వాళ్లం వంతులు వేసుకుని, చెయ్యి తుడుచుకుని, చెప్పులు వేసుకుని మేమే స్విచ్చు వేస్తాం. చిన్న తరగతుల వాళ్లు వెయ్యొద్దు, మమ్మల్ని పిలవండి. పేర్ల పట్టిక ఈ వ్యాసం పక్కనే అంటించాం.

మావయ్య ఇప్పుడు బండిలో కొత్త ప్లగ్గు ఒకటి దాచుకుంటున్నాడు. నేను ఇంక షాకు గురించి గొప్పలు చెప్పను. ఆరో తరగతి చెల్లి మాత్రం నిన్న నా దగ్గరికి వచ్చి, "అక్కా, అంటే చుక్కకి భయపడక్కర్లేదు గానీ, చుక్క పడే చోట లోయ ఉందేమో చూసుకోవాలి, అంతేనా?" అని అడిగింది. అంతే చెల్లీ. నాలుగు షీట్లలో నేను రాసింది నువ్వు ఒక్క మాటలో చెప్పేశావు.

చెప్పుకోండి చూద్దాం (జవాబులు వచ్చే సంచికలో)

1. ఆర్టీసీ బస్సు డీజిలుతో నడుస్తుంది. దానికి స్పార్కు ప్లగ్గు ఉండదు. మరి డీజిలు ఎలా అంటుకుంటుంది?
2. కరెంటు తీగ మీద పిట్ట వాలితే ఏం కాదు. ఎందుకని?
3. టూ స్ట్రోక్ ఇంజనులో చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక స్పార్కు కావాలి. నిమిషానికి 3000 సార్లు తిరిగితే సెకనుకి ఎన్ని స్పార్కులు?

ఇట్లు
మీ నేస్తం,
తొమ్మిదవ తరగతి